చెరకు ఒకరిది, ఓటు ఒకరిది: మారిషస్‌లో జాతి వైవిధ్యం, ఆర్థికాభివృద్ధి

సభాధ్యక్షులకు, సభకు విచ్చేసిన పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం జాతి వైవిధ్యానికి, ఆర్థికాభివృద్ధికి మధ్య ఉన్న సంబంధం. గంటలో తేలే విషయం కాదు కాబట్టి ప్రపంచమంతా తిరగకుండా హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవి మీద ఎక్కువసేపు నిలబడదలచుకున్నాను. ఆ దీవి మారిషస్. అక్కడికి వెళ్లేముందు ఈ విషయం మీద అర్థశాస్త్రజ్ఞులు చెబుతూ వచ్చినదాన్ని కొంత చూడాలి, ఎందుకంటే మారిషస్ ఆ లెక్కలకు లొంగని దేశం.

1997లో విలియం ఈస్టర్లీ, రాస్ లెవిన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆఫ్రికా వెనుకబాటుకు కారణాలు వెతుకుతూ ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. జాతులు ఎక్కువగా ఉన్న దేశాల్లో చదువు తక్కువగా, రోడ్లు, కరెంటు, టెలిఫోను వంటి వసతులు నాసిగా ఉంటున్నాయని, ప్రభుత్వ విధానాలు కూడా ఎదుగుదలను అడ్డుకునేలా ఉంటున్నాయని, తూర్పు ఆసియాతో పోలిస్తే ఆఫ్రికా వెనుకబడడానికి ఇది చాలావరకు కారణమని వారి వాదన. వైవిధ్యాన్ని కొలవడానికి వారు వాడిన సూచిక చాలా సులువైనది. దేశ జనాభాలోంచి ఎవరో ఇద్దరిని లాటరీ తీసినట్టు తీస్తే, వాళ్లిద్దరూ వేర్వేరు జాతులకు చెందినవారయ్యే అవకాశం ఎంత? అందరూ ఒకే జాతి అయితే సున్నా, ఎవరికి వారే ఒక జాతి అయితే ఒకటికి చేరువ. ఈ లెక్కకు ఆధారం 1964లో మాస్కోలో అచ్చయిన ఒక జాతుల అట్లాసు. సోవియట్ మానవశాస్త్రజ్ఞులు ముఖ్యంగా భాషను బట్టి గీసిన ఆ పటాల మీద, ముప్పై ఏళ్ల తరువాత, అమెరికా అర్థశాస్త్రం చాలాకాలం నడిచింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఇంత నిశ్శబ్దంగా జరిగిన ఇచ్చిపుచ్చుకోళ్లు తక్కువేననుకుంటాను.

వైవిధ్యం వల్ల అభివృద్ధి ఎందుకు కుంటుపడుతుంది అన్నదానికి సాధారణంగా చెప్పే కారణం ఉమ్మడి సొత్తుకు సంబంధించినది. బడి, బావి, రోడ్డు వంటివి అందరూ డబ్బు వేసుకుంటేనే ఏర్పడతాయి. మన వాళ్లు కానివాళ్లు కూడా వాడుకుంటారనుకున్నప్పుడు వేసుకునే చేయి వెనక్కి పోతుంది, వేయనివాణ్ణి నిలదీయడానికి కూడా మొహమాటం అడ్డొస్తుంది. ఎడ్వర్డ్ మిగెల్ అనే పరిశోధకుడు కెన్యాలోని బుసియా జిల్లాలో సరిగ్గా ఇదే చూశాడు. అక్కడ ప్రాథమిక పాఠశాలలకు గదులు, బల్లలు ఊళ్లో చందాల మీదనే ఏర్పడేవి. తెగల కలగలుపు ఎక్కువగా ఉన్న చోట చందాలు తక్కువగా వచ్చాయి. ఆయన అక్కడితో ఆగి ఉంటే పాత కథే మరోసారి చెప్పినట్టయ్యేది. ఆయన సరిహద్దు దాటి టాంజానియాలోని మెయాటు జిల్లాకు కూడా వెళ్లాడు. అక్కడా తెగల కలగలుపు ఉంది, పేదరికం ఉంది, కానీ కలగలుపుకూ బడుల చందాలకూ మధ్య ఆ సంబంధం కనిపించలేదు.

టాంజానియాలో వందకు పైగా తెగలున్నాయి. పైన చెప్పిన సూచికలో ఆ దేశం ప్రపంచంలోనే పైవరసలో ఉంటుంది. అయితే జూలియస్ నైరేరే ప్రభుత్వం స్వాహిలీని బడిలోనూ పాలనలోనూ ఉమ్మడి భాషగా నిలబెట్టింది, తెగ పెద్దల వంశపారంపర్య అధికారాన్ని రద్దు చేసింది, పాఠ్యపుస్తకాల్లో దేశాన్ని ముందు పెట్టింది. కెన్యాలో రాజకీయం తెగ పేరు మీదే నడిచింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి: తెగలన్నిటినీ ఒక దేశంగా కలపడంలో నెగ్గిన అదే నైరేరే గ్రామాల సామూహికీకరణతో వ్యవసాయాన్ని దెబ్బతీశాడు. తెగల మధ్య సఖ్యత ఉన్నంత మాత్రాన కడుపు నిండదు.

ఇంకో ఉదాహరణ నాకు మరింత ఇష్టమైనది. మలావీ, జాంబియా దేశాల సరిహద్దుకు రెండు వైపులా చేవా, తుంబుకా అనే రెండు తెగలు ఉన్నాయి. ఆ సరిహద్దు 19వ శతాబ్దం చివర వలస పాలకులు తమ పరిపాలనా సౌకర్యానికి గీసుకున్నది. ఇటు చేవాలూ అటు చేవాలూ ఒకే భాష మాట్లాడతారు. తుంబుకాలు కూడా అంతే. డేనియల్ పోస్నర్ అనే పరిశోధకుడు సరిహద్దుకు అటూ ఇటూ కూతవేటు దూరంలో ఉన్న పల్లెల్లో ప్రశ్నలు అడిగాడు: అవతలి తెగ మనిషికి ఓటేస్తావా, అవతలి తెగలో పిల్లనిస్తావా అని. మలావీ వైపు పల్లెల్లో వద్దన్నవారు ఎక్కువ. జాంబియా వైపు, కొద్ది మైళ్ల దూరంలోనే, అదే తెగల మనుషులు అవతలివారిని బంధువుల్లాగే చూశారు. పోస్నర్ చెప్పిన కారణం ఏ సంస్కృతికీ సంబంధించినది కాదు. మలావీ చిన్న దేశం, అక్కడ ఈ రెండు తెగలూ ఎన్నికల్లో లెక్కకు వచ్చేంత పెద్దవి. పార్టీలు వాటి మీదే నిలబడ్డాయి. జాంబియాలో రెండూ చిన్నవే కావడంతో, రాజధానిలో వాటా అడగాలంటే ‘తూర్పు ప్రాంతం వాళ్లం’ అని ఇద్దరూ కలిసి అడగాల్సి వచ్చింది.

సూచిక చూపలేనిది ఇదే. అది తలలు లెక్కపెడుతుంది. ఆ తలలు దేని కోసం పోటీ పడుతున్నాయో, ఎవరి చేతిలో ఏముందో దానికి పట్టదు. సోమాలియాలో దాదాపు అందరిదీ ఒకే భాష, ఒకే మతం. అక్కడ రాజ్యం 1991లో కుప్పకూలింది. కాబట్టి వైవిధ్యం అభివృద్ధికి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నను నేను పక్కన పెడుతున్నాను. ఒక దేశంలోని జాతుల మధ్య బేరం ఎలా కుదిరింది, ఆ బేరంలో ఎవరు కూర్చున్నారు, ఎవరిని కూర్చోబెట్టలేదు అన్నదే నా ప్రశ్న. మారిషస్ ఇందుకు తగిన దేశం.

1961లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, తరువాత 1977లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు, మారిషస్ ఆర్థిక వ్యవస్థ మీద ఒక నివేదిక సమర్పించాడు. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా పంచదార ఒక్కటే, జనాభా వేగంగా పెరుగుతోంది, ఉద్యోగాలు లేవు, పైగా పరస్పరం అనుమానంతో చూసుకునే జాతులు. శాంతియుతమైన అభివృద్ధికి అవకాశాలు బలహీనంగా ఉన్నాయని ఆయన తేల్చాడు. ఆ రోజుకు ఆయన మాటను కాదనడం కష్టం. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం రావడానికి కొద్ది వారాల ముందు రాజధాని పోర్ట్ లూయీలో క్రియోల్ (ఎక్కువగా ఆఫ్రికా బానిసల సంతతివారు), ముస్లిం యువకుల ముఠాల మధ్య అల్లర్లు చెలరేగి, బ్రిటిష్ సైనికులను రప్పించాల్సి వచ్చింది.

మీడ్ జోస్యం ఫలించలేదు. 1973 నుంచి 1999 వరకు మారిషస్ ఆర్థిక వ్యవస్థ ఏడాదికి సగటున 6 శాతానికి కొంచెం తక్కువగా పెరుగుతూ వచ్చింది. ఆఫ్రికాలో ఇంత సుదీర్ఘంగా ఇలా ఎదిగిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2020లో ప్రపంచ బ్యాంకు దాన్ని అధికాదాయ దేశాల్లో చేర్చింది, కొవిడ్ దెబ్బకు మరుసటి ఏడాదే ఆ స్థానం పోయింది, అది వేరే సంగతి.

ఎవరి చేతిలో ఏముండేదో చూద్దాం. దీవిలో ఆదివాసులు ఎవరూ లేరు. అందరూ వచ్చినవారే, లేదా తీసుకురాబడినవారే. ఫ్రెంచివారి కాలంలో భూమి శ్వేతజాతి తోటల యజమానుల చేతికి వెళ్లింది, ఆ భూమిలో పని ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి తెచ్చిన బానిసల మీద పడింది. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది, అయితే ఆ పరిహారం యజమానులకు. విడుదలైన బానిసలకు భూమి గానీ డబ్బు గానీ దక్కలేదు. వాళ్ల స్థానంలోకి 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దం వరకు భారతదేశం నుంచి నాలుగున్నర లక్షల మందికి పైగా ఒప్పంద కూలీలు వచ్చారు. బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతాల వారు అత్యధికం. తమిళులు, మరాఠీలు, మనవాళ్లు కూడా ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారికి ఆ దీవిలో కోరంగివాళ్లన్న పేరే స్థిరపడింది. 1870ల తరువాత పంచదార ధర పడిపోయినప్పుడు తోటల యజమానులు అంచు భూములను ముక్కలు చేసి అమ్మారు. కూలికి వచ్చినవారిలో కొందరు పొదుపు చేసి ఆ ముక్కలు కొని చిన్న చెరకు రైతులయ్యారు. చైనా నుంచి వచ్చినవారు ఊరూరా కొట్లు పెట్టుకున్నారు. గుజరాతీ ముస్లింలు బట్టల, బియ్యం వ్యాపారాల్లో నిలదొక్కుకున్నారు.

1948 ఎన్నికల నాటికి ఓటుహక్కు చదవడం, రాయడం వచ్చినవారికి దక్కింది. ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే కాదు, దీవిలో వాడుకలో ఉన్న ఇతర భాషల్లో వచ్చినా సరిపోతుంది. ఊళ్లలోని బైఠకల్లో, అంటే జనం కూడే చావడుల్లో, సాయంకాలపు బడులు పెట్టి, చెరకు కోసి వచ్చిన మనుషుల చేత అక్షరాలు దిద్దించిన ఉద్యమం ఒకటి అప్పటికే నడుస్తోంది. 1959లో వయోజనులందరికీ ఓటు వచ్చాక లెక్క తేటతెల్లమైంది: మిల్లులు, పెద్ద తోటలు, బ్యాంకులు జనాభాలో రెండు శాతం ఉన్న ఫ్రాంకో మారిషియన్లవి, అంటే ఫ్రెంచి సంతతి శ్వేతజాతీయులవి, ఓట్లలో సగం హిందువులవి.

1967 ఆగస్టు ఎన్నికలు నిజానికి స్వాతంత్ర్యం మీద జరిగిన ఓటింగు. శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని కూటమి 62 స్థానాల్లో 39 గెలిచింది. స్వాతంత్ర్యం వద్దన్న గయేటాన్ డ్యువాల్ పార్టీకి 23 స్థానాలు, 40 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. ఇంతమంది వద్దంటుండగా పుట్టిన దేశం ఏ గతి పడుతుందో అప్పటికే ఆఫ్రికాలో పలుచోట్ల కనిపిస్తోంది. గెలిచినవారు తోటలను జాతీయం చేసి ఉండవచ్చు, ఓడినవారు డబ్బు మూటగట్టుకుని వెళ్లిపోయి ఉండవచ్చు. కొందరు ఆస్ట్రేలియాకు వెళ్లిపోయారు కూడా. అయితే రామ్‌గులామ్ 1969లో డ్యువాల్‌ను ప్రభుత్వంలోకే తీసుకున్నాడు. భూమి ఎవరిది వారికే ఉంచాడు. బదులుగా పంచదార ఎగుమతి మీద పన్ను వేసి, ఆ సొమ్మును బడులకు, ఆసుపత్రులకు, పింఛన్లకు, బియ్యం సబ్సిడీకి మళ్లించాడు. తోటల యజమానికి ఆస్తి భద్రత, ఓటర్లకు ప్రభుత్వ ఉద్యోగాలు, సంక్షేమం. బంగారు బాతును కోయకుండా, రోజూ గుడ్డులో వాటా అడగడమన్నమాట.

రాజ్యాంగంలో కూడా ఒక ఏర్పాటు ఉంది. ఎన్నికైన 62 మంది గాక, ఓడినవారిలోంచి ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఎనిమిది మందిని, ప్రాతినిధ్యం తగ్గిన జాతులను చూసుకుని, సభలోకి తీసుకుంటారు. అక్కడ దీన్ని బెస్ట్ లూజర్ పద్ధతి అంటారు. దీన్ని ఎగతాళి చేసేవారు మొదటి నుంచీ ఉన్నారు గానీ, 1968 అల్లర్ల పొగ ఇంకా ఆరని రోజుల్లో, ఓడినా మన మనిషి సభలో ఒకడుంటాడన్న ధీమా చిన్న విషయం కాదు.

బేరం కుదిరినంత మాత్రాన సంపద పుట్టదు. ఇక్కడ వైవిధ్యమే పనికొచ్చింది. చైనా సంతతికి చెందిన ఎదువార్ లిమ్ ఫాట్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు, తైవాన్ వంటి చోట్ల జరుగుతున్నది చూసి, దిగుమతి సుంకాలు లేని ఎగుమతి పరిశ్రమల ఆలోచనను ముందుకు తెచ్చాడు. 1970 చివర అందుకు చట్టం వచ్చింది. హాంకాంగ్ బట్టల వ్యాపారులతో పరిచయాలు చైనా సంతతివారివి. యూరపుకు ద్వారం ఫ్రెంచి మాట్లాడేవారి చేతిలో ఉంది. 1975లో యూరపుతో కుదిరిన లోమే ఒప్పందం కింద మారిషస్‌కు ఏటా దాదాపు 5 లక్షల టన్నుల పంచదార కోటా, చాలా ఏళ్లు ప్రపంచ మార్కెట్టును మించిన ధర దక్కాయి. ఆ లాభాలు ప్యారిస్‌కు తరలిపోకుండా కొంత భాగం దీవిలోని బట్టల మిల్లుల్లోనే పెట్టుబడిగా మారింది, ఎందుకంటే తోటల యజమానికి తన ఆస్తి మీద భయం పోయింది. 1980ల చివరికి ఈ పరిశ్రమల్లో 90 వేల మంది వరకు పనిచేస్తున్నారు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. పల్లెల హిందూ ఇళ్లలోంచి, ముస్లిం ఇళ్లలోంచి, క్రియోల్ పేటల్లోంచి వచ్చిన అమ్మాయిలు ఒకే వరసలో కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు.

ఈ ఎగుమతి కథను వైవిధ్యపు విజయంగా పాడేవారు కొన్ని సంగతులు విడిచిపెడతారు. ఆ చట్టం కింద ఆడవారి కూలి మగవారి కన్నా తక్కువగానే మొదలైంది. అదనపు గంటలు చేయించడం, పనిలోంచి తీసేయడం యజమానికి సులువు. 1969 కూటమి పుణ్యమా అని 1972లో జరగాల్సిన ఎన్నికలు 1976కు వాయిదా పడ్డాయి. 1971లో రేవు కార్మికులు, రవాణా కార్మికులు సమ్మెకు దిగితే అత్యవసర పరిస్థితి విధించి నాయకులను జైల్లో పెట్టారు. పైవారి మధ్య సఖ్యతకు కింది వారు కూడా కొంత చెల్లించారు.

ఆ దేశపు కరెన్సీ నోట్లను ఒకసారి వరసగా పేర్చి చూడండి. 25 రూపాయల నోటు మీద చైనా సంతతి నాయకుడు అహ్ చుయెన్, 50 మీద ఫ్రాంకో మారిషియన్ పాతురో, 100 మీద తమిళుడు రంగనాథన్ శ్రీనివాసన్, 200 మీద ముస్లిం నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్, 500 మీద హిందూ నాయకుడు సుఖదేవ్ బిసూన్‌దయాళ్, 1000 మీద క్రియోల్ నాయకుడు డ్యువాల్, 2000 మీద రామ్‌గులామ్. ఒక్క జాతినీ వదలలేదు. 1998లో కొత్త నోట్లు అచ్చువేసినప్పుడు తమిళ అక్షరాలను హిందీ కిందకు మార్చారు. దీవికి ముందు వచ్చింది మేమేనంటూ తమిళులు వీధుల్లోకి వచ్చారు. నోట్లు వెనక్కి తీసుకుని, పాత వరుసలో మళ్లీ అచ్చువేశారు. లెక్కల మనిషికి ఇది వృథా ఖర్చుగా కనిపిస్తుంది. నాకు మాత్రం చాలా చవకైన బీమాగా కనిపిస్తుంది. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు ఉంది, జనాభాలో తెలుగు మూలాలున్నవారు రెండు మూడు శాతమే అయినా.

ఇప్పుడు ఆ బేరంలో చోటు దక్కనివారి సంగతి. రాజ్యాంగం నాలుగు సముదాయాలను గుర్తిస్తుంది: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, ఈ మూడింటిలో చేరని మిగిలినవారంతా ‘సాధారణ జనాభా’. ఈ నాలుగో గంపలో వేల ఎకరాల చెరకు తోటల యజమానులూ ఉన్నారు, ఆ తోటల్లో ఒకప్పుడు బానిసలుగా పనిచేసినవారి మనవలూ ఉన్నారు. దేశంలోకెల్లా పెద్ద ఆర్థిక అగాధం ఈ ఒక్క పేరు కింద కనపడకుండా పోయింది. హిందువులకు ఓట్ల బలంతో పాటు చిన్న రైతుల భూములు ఉన్నాయి, ఫ్రాంకో మారిషియన్లకు పెట్టుబడి ఉంది, చైనావారికి, గుజరాతీలకు వ్యాపారం ఉంది. క్రియోల్ పేదలకు ఎదుటివారికి ఇవ్వగలిగినది గానీ, ఇవ్వకుండా ఆపగలిగినది గానీ పెద్దగా లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వారు పలచన. రేవులో కూలీ, చేపల వేట, ఇళ్ల నిర్మాణం వారి బతుకుతెరువులు. 1990ల మొదట్లోనే ఒక క్రియోల్ మతగురువు దీన్ని ‘క్రియోల్ వేదన’ అని బహిరంగంగా పేరు పెట్టి మాట్లాడాడు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే ప్రసిద్ధ క్రియోల్ గాయకుడు గంజాయి కేసులో అరెస్టయి పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు దీవి కొన్ని రోజులు తగలబడింది. ఆర్థిక ప్రగతి నివేదికల్లో మారిషస్ ఆఫ్రికాకే ఆదర్శమని రాస్తున్న సంవత్సరాలవి.

తెలుగువారిగా ఈ విషయంలో మనకూ ఒక అనుభవం ఉంది. భాషను బట్టి కొలిచే సూచికను 1956 నాటి ఆంధ్రప్రదేశ్‌కు పెడితే వైవిధ్యం చాలా తక్కువని చెబుతుంది. ఉద్యోగాలు, మిగులు నిధులు, నీళ్ల పంపకం మీద పెద్దమనుషుల ఒప్పందం ఒకటి రాసుకున్నారు. దాన్ని అమలు చేయించే గట్టి యంత్రాంగం మాత్రం లేకపోయింది. 1969లో తెలంగాణ భగ్గుమంది, ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాలు, 610 జీవో అంటూ నడిచి నడిచి 2014లో రాష్ట్రం రెండైంది. మారిషస్ ఒప్పందం జాతులు వేరైనా ఎందుకు నిలిచిందో, మనది భాష ఒకటైనా ఎందుకు నిలవలేదో పోల్చి చూసే పరిశోధన మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా చేపట్టదగినది. మారిషస్‌లో ఒప్పందం ఉల్లంఘిస్తే రెండు వైపులా నష్టమే. తోటలు ఆగితే పన్ను ఆగుతుంది, ఓటర్లు తిరగబడితే తోటలు ఆగుతాయి. ఇక్కడ ఉల్లంఘించినవారికి ఆ నష్టం తగలలేదు.

చివరిగా లెక్కల గురించే ఒక మాట. జాతులవారీగా జనాభాను లెక్కించడం మారిషస్ 1972 తరువాత మానేసింది. ప్రతి పదేళ్లకూ లెక్కిస్తే ప్రతి పదేళ్లకూ వాటాల తగాదా రేగుతుందన్నది వారి భయం. అయినా బెస్ట్ లూజర్ స్థానాల కేటాయింపు ఆ పాత లెక్కల మీదే నడుస్తోంది. తన జాతి ఏదో చెప్పనివాడి నామినేషన్ చెల్లదన్న నిబంధన పౌరహక్కులకు విరుద్ధమని 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అభిప్రాయపడింది. 2014 ఎన్నికలకు మాత్రం వర్తించేలా ప్రభుత్వం ఒక తాత్కాలిక సవరణ చేసింది. లెక్కించకపోవడం వల్ల కొంత శాంతి మిగిలిందని ఒప్పుకుంటాను. అయితే ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రియోల్‌లు ఎందరు, విశ్వవిద్యాలయం దాకా వచ్చే వారి పిల్లలు ఎందరు, సొంత ఇల్లున్నవారు ఎందరు అని అడిగితే చూపడానికి అధికారిక అంకె లేదు. ఎగుమతుల టన్నులు, పర్యాటకుల సంఖ్య ఏటా లెక్కపెట్టే దేశంలో, తమ వాటా తమకు రాలేదని నిరూపించుకోవలసినవారి చేతిలోనే కాగితం లేదు. తెలంగాణ 2024లో ఇంటింటి కుల సర్వే చేసినప్పుడు దాని మీద వచ్చిన అభ్యంతరాలు, సమర్థనలు మీరంతా విన్నారు. మారిషస్ అర్ధశతాబ్దానికి పైగా ఆ ప్రశ్నను పక్కన పెట్టి నెట్టుకొస్తోంది, ఆ వాయిదాకయ్యే ఖర్చును భరిస్తున్నది మాత్రం పోర్ట్ లూయీ శివారు పేటల్లోని క్రియోల్ కుటుంబాలు.

ధన్యవాదాలు. ప్రశ్నలుంటే అడగండి.